ఊరి విత్తన నిధి, యువదళం: పని డైరీ

అనంతపురం మెట్టలో, కదిరి వైపు ఎర్ర నేలల్లో, ఒక చిన్న రైతు సంఘం ఆ ఊరి పిల్లలతో, యువకులతో (వాళ్ల జట్టే యువదళం) కలిసి నడుపుతున్న విత్తన నిధి పని ఇది. ఈ ప్రాంతంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. జూన్‌లోనో జులైలోనో ఒక పదును వాన పడితే నేలలో తడి ఆరేలోగా, అంటే మూడు నాలుగు రోజుల్లో, విత్తు పడాలి. ఆ పూటకు ఇంట్లో గింజ లేని రైతు దొరికింది కొని వేస్తాడు. ఆ మూడు రోజుల కోసం రైతులు ఇచ్చిన గింజను దాచి, సిద్ధంగా ఉంచి, అప్పుగా ఇవ్వడమే నిధి పని. ఇదే పని తలపెట్టే సంఘాలకు పనికొచ్చేలా కొలతలు, చెడిపోయిన సందర్భాలు, మార్చిన పద్ధతులు మాత్రమే రాస్తున్నాం.

దశ 1: ఏ పంటలు, ఎంత గింజ

మొదటి జాబితాలో వేరుశనగ ఉండేది, లెక్క వేశాక తీసేశాం. ఎకరాకు 60 కిలోల పప్పు కావాలి. కాయలో పప్పు 70 శాతమే కాబట్టి ఎకరాకు 85 కిలోల కాయ. ఇరవై ఎకరాలకు 1,700 కిలోలు. అదే 85 కిలోల కొర్ర ఉంటే నలభై ఎకరాలు విత్తొచ్చు. పైగా నూనె గింజ సత్తువ త్వరగా పోతుంది. అక్టోబరు, నవంబరులో పీకిన కాయను ఎండాకాలం దాటించి జూన్ దాకా కాపాడాలి. ఒక చిన్న గదితో అది కుదరదు. వేరుశనగ వేసేవాళ్లకు మూడు మాటలే చెబుతున్నాం: కాయగానే దాచండి, విత్తే వారం ముందు మాత్రమే ఒలవండి, రబీ కాయ దొరికితే ఖరీఫ్ విత్తనానికి అదే మేలు.

మిగిలిన పంటలకు వేసుకున్న లెక్క (గొర్రుతో విత్తితే ఎకరాకు ఎంత అన్నదాన్ని బట్టి):

1. కొర్ర: 2 కిలోలు × 20 ఎకరాలు = 40 కిలోలు
2. కంది, అంతర పంటగా: 2 × 20 = 40
3. జొన్న: 4 × 5 = 20
4. సజ్జ: 2 × 5 = 10
5. అలసంద: 8 × 5 = 40
6. ఉలవ: 8 × 10 = 80

మొత్తం 230 కిలోలు. దీనికి నాలుగో వంతు అదనంగా కలపాలి. విత్తిన తర్వాత వాన మొహం చాటేస్తే మళ్లీ విత్తాల్సిందే, ఆ గింజ నిధిలో లేకపోతే నిధి ఉండీ లేనట్టే. అందుకే లక్ష్యం 290 కిలోలు. ఉలవకు ఎక్కువ వాటా ఇవ్వడానికీ కారణం ఉంది. ఖరీఫ్ పంట పోయినా ఆగస్టు చివర, సెప్టెంబరులో పడ్డ వానకు వేసి నాలుగు గింజలు ఇంటికి తెచ్చుకోగల పంట ఈ నేలల్లో అదే.

హైబ్రిడ్ గింజలు, పత్తి తీసుకోలేదు. హైబ్రిడ్ పంటలో తీసిన గింజను మళ్లీ విత్తితే గుణాలు విడిపోయి చేనంతా రకరకాలుగా వస్తుంది. చట్టం సంగతి అడిగేవాళ్లు ఉంటారు. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టంలోని 39వ సెక్షన్ ప్రకారం సొంత పంట గింజను దాచుకోవడం, విత్తుకోవడం, మార్చుకోవడం, పంచుకోవడం, అమ్ముకోవడం రైతు హక్కు. రక్షిత రకాన్ని బ్రాండు వేసి అమ్మడం మాత్రం కుదరదు. అందుకే సంచుల మీద పంట పేరు, రైతు వరస నంబరు, తేదీ తప్ప ఏ ముద్రా వేయం.

*లెక్క: రైతుల నుంచి వచ్చింది 312 కిలోలు. హైబ్రిడ్ అనో, కలగలుపు అనో, రెండేళ్లు దాటిందనో వెనక్కి పంపింది 64. నిధిలో 248.*

దశ 2: గది, పాత్రలు

పాత బడి గదిలో ఒకటి దొరికింది. నేల మీద గోనె సంచులు పెడితే అడుగు తడి పీలుస్తుందని అందరికీ తెలిసిందే, కాని గోడ కూడా తడి ఇస్తుందన్నది వానాకాలంలోనే బయటపడుతుంది. గోడకు ఆనించిన సంచుల వెనక వైపు బూజు పట్టింది. ఇప్పుడు చెక్క బల్లలు నేలకు అర అడుగు ఎత్తులో, గోడకు అడుగున్నర ఎడంగా ఉన్నాయి. ఎరువుల సంచులు కడిగి వాడదామన్న సలహాను ఒప్పుకోలేదు. వాటిలో మిగిలిన ఉప్పు తడిని లాగుతుంది.

రెండు వందల లీటర్ల రేకు డ్రమ్ములతో మొదలుపెట్టి, తర్వాత వాటిని పక్కన పెట్టాం. ఒకరికి రెండు కిలోలు ఇవ్వడానికి మూత తీసిన ప్రతిసారీ డ్రమ్ములోని మొత్తం గింజకు బయటి గాలి తగులుతుంది. పైగా ఒక్క రైతు గింజలో పురుగు ఉంటే డ్రమ్మంతా పాకుతుంది. ఇప్పుడు వాడేవి రబ్బరు వాషరు ఉన్న 20 లీటర్ల ప్లాస్టిక్ డబ్బాలు. ఒక్కో దాంట్లో కంది సుమారు 15 కిలోలు పడుతుంది. ఒక డబ్బాలో ఒక రైతు గింజ, ఒకటే పంట. డబ్బా నిండా నింపాలి, మిగిలిన ఖాళీ అంటే లోపల మిగిలిన గాలే. చీటీలు రెండు, లోపల ఒకటి, బయట ఒకటి, రెండూ పెన్సిలుతో రాసినవే. పెన్ను సిరా ఎండకు వెలిసిపోతుంది, తడికి పాకిపోతుంది.

దశ 3: తేమ

మొత్తం పనిలో ఎక్కువ గింజ పాడైంది ఇక్కడే. ఎక్కువ సమయం పెట్టాల్సిందీ దీనిమీదే.

విత్తన నిల్వకు హారింగ్టన్ సూత్రాలు అని రెండు ఉన్నాయి. గింజలో తేమ ఒక శాతం తగ్గితే దాని ఆయుష్షు రెట్టింపవుతుంది. నిల్వ ఉన్నచోట వేడి 5 డిగ్రీల సెల్సియస్ తగ్గినా రెట్టింపవుతుంది. వీటితో పాటు ఇంకో లెక్క చెబుతారు: ఫారెన్‌హీట్‌లో వేడి, గాలిలో తేమ శాతం, ఈ రెండూ కలిపితే 100 దాటకూడదు. మన దగ్గర మే నెలలో 40 డిగ్రీలంటే 104 ఫారెన్‌హీట్. గాలి తేమ కలపకముందే లెక్క దాటిపోయింది. చల్లటి గది కట్టే స్తోమత సంఘానికి లేదు. కాబట్టి మన చేతిలో మిగిలింది గింజలోని తేమ ఒక్కటే. దాన్ని దించి, దించిన చోట డబ్బాలో బంధించాలి.

మొదట వాడింది ఉప్పు పరీక్ష:

1. ఉప్పును పెనం మీద వేయించి పూర్తిగా ఆరబెట్టాలి.
2. మూత ఉన్న గాజు సీసాలో పావు వంతు ఉప్పు, పైన గింజ, మొత్తం సగం దాకా వేయాలి.
3. గట్టిగా ఊపి పది పదిహేను నిమిషాలు వదిలేయాలి.
4. ఉప్పు సీసా గోడకు అంటుకుంటే తేమ 15 శాతం పైనే. అంటుకోకపోతే అంతకన్నా తక్కువ.

ఇది కళ్లంలో పనికొస్తుంది, నిల్వకు చాలదు. పధ్నాలుగు శాతం తేమ ఉన్న కందికి కూడా ఉప్పు అంటుకోదు. ఆ గింజను మూత బిగించి పెడితే లోపలే ముక్కిపోతుంది. ఉప్పు పరీక్ష నెగ్గిందని మూసిన రెండు డబ్బాల్లో అదే జరిగింది.

తర్వాత కొన్నది గాలి తేమ, వేడి రెండూ చూపే చిన్న డిజిటల్ మీటరు, మూడు నాలుగు వందల్లో దొరికే రకం. వాడే పద్ధతి:

1. గింజను సీసాలో ముప్పావు నింపి, మీటరును గింజ మీద పెట్టి మూత బిగించాలి.
2. నీడలో, గది వేడిలో కనీసం ఆరేడు గంటలు కదపకుండా ఉంచాలి.
3. మీటరు చూపే గాలి తేమ 65 శాతం దాటితే బూజు పడుతుంది, మళ్లీ ఎండబెట్టాలి.
4. 50, అంతకు తక్కువ చూపితే డబ్బాలో మూయొచ్చు.

ఎండలోంచి అప్పుడే తీసిన గింజతో ఈ కొలత తీస్తే అంకె తప్పుగా వస్తుంది. గింజ, మీటరు, సీసా మూడూ ఒకే వేడికి రావాలి. ఇంకో మేలు ఏమిటంటే ఈ కొలత ఏ పంటకైనా ఒకటే. నూనెలో నీరు నిలవదు కాబట్టి వేరుశనగకు 7, 8 శాతం తేమ ఎంతో, జొన్నకు 13 శాతం దాదాపు అంతే ప్రమాదం. శాతాల పట్టిక బట్టీ పట్టాల్సిన అవసరం లేకుండా పోయింది.

అక్టోబరు, నవంబరులో అలసందను రోజుల తరబడి ఎండబెట్టినా మీటరు 65 కిందికి దిగలేదు. కారణం గింజలో లేదు, గాలిలో ఉంది. ఈశాన్య రుతుపవనాల రోజుల్లో గాలి తేమ రాత్రిపూట ఎక్కువగా ఉంటుంది, పగలు ఎండిన గింజ రాత్రికి మళ్లీ పీలుస్తుంది. ఫిబ్రవరి, మార్చిలో పగటి గాలి పొడిగా ఉంటుంది. అందుకే పద్ధతి మార్చాం. ఖరీఫ్ గింజను కళ్లం నుంచి వచ్చినట్టే పలుచటి సంచుల్లో, గాలి ఆడేలా ఉంచి, ఫిబ్రవరిలో రెండోసారి ఎండబెట్టి అప్పుడే డబ్బాల్లో మూయడం.

ఎండబెట్టే పద్ధతి చిన్నదే, కాని ప్రతి మెట్టు వెనకా ఒక నష్టం ఉంది:

1. టార్పాలిన్ మీదే పరచాలి. తారు రోడ్డు మీద గింజ అడుగు కాలుతుంది, సిమెంటు గచ్చు సాయంత్రానికి తడి ఇస్తుంది.
2. రెండు వేళ్ల మందం మించకూడదు. అరగంటకోసారి తిప్పాలి.
3. నాలుగింటికల్లా ఎత్తి కప్పాలి.
4. ఎత్తిన గింజను రాత్రంతా నీడలో, గుడ్డ కప్పి చల్లార్చి, పొద్దున డబ్బాల్లో పోయాలి.

నాలుగో మెట్టు వదిలేసి వేడివేడిగా మూసిన డబ్బాల మూత లోపల పొద్దుటికి నీటి చుక్కలు కనిపించాయి. పై పొర కొర్రంతా గడ్డలు కట్టింది.

పచ్చి వేపాకు వేయడం కూడా మానేశాం. పురుగు రాదని పిడికెళ్లకొద్దీ వేస్తే ఆకులోని నీరంతా గింజకు చేరింది. వేపాకు వేయాలనుకుంటే నీడన ఎండి, చేత్తో నలిపితే పొడి అయ్యేదాకా ఆగాలి.

*లెక్క: 248 కిలోల గింజ సుమారు 13 శాతం తేమ నుంచి 10కి దిగితే 8 కిలోల నీరు పోతుంది. పుస్తకంలో 240. ఈ 8 కిలోల తగ్గుదలను ముందే రైతుకు చెప్పి, ఎండిన తర్వాత తూకాన్నే పుస్తకంలో ఎక్కించాలి. లేకపోతే ఇచ్చినవాడికి, రాసినవాడికి మధ్య మాట తేడా వస్తుంది.*

దశ 4: పెంకు పురుగు

అలసంద, కంది, ఉలవల్లో పుచ్చు నిల్వ గదిలో మొదలవుతుందని చాలామంది అనుకుంటారు. గది ఊడ్చి, పొగ వేసి, గోడలకు సున్నం కొట్టినా పురుగు వచ్చింది. అది చేలోనే కాయ మీద గుడ్డు పెడుతుంది. పిల్ల పురుగు గింజలోకి తొలుచుకుపోతుంది, పైకి ఏమీ కనిపించదు. మూడు నాలుగు వారాల తర్వాత గుండ్రటి రంధ్రం చేసుకుని పెంకు పురుగు బయటికి వస్తుంది. బయటికి వచ్చాక అది ఏమీ తినకుండానే పది రోజుల పాటు బతికి, ఒక్కోటి ఎనభై దాకా గుడ్లు పెట్టగలదు. కళ్లంలో మంచిగా కనిపించిన అలసంద డబ్బా నెలకు పిండి రాల్చడానికి కారణం ఇదే. అలా పుచ్చిన 20 కిలోలు పశువుల దాణాకు పోయింది.

గింజ లోపలున్న పురుగును చంపాలంటే వేడి కావాలి. 57 డిగ్రీల వేడిలో ఒక గంట ఉంటే గుడ్డు, పిల్ల పురుగు, పెంకు పురుగు అన్నీ చచ్చిపోతాయి. ఎండిన గింజ మొలకకు దానివల్ల హాని లేదు. పట్టా పద్ధతి:

1. నేల మీద మూడంగుళాల మందం ఎండు వరిగడ్డి పరచాలి.
2. దానిమీద నల్ల ప్లాస్టిక్ పట్టా, 3 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు.
3. గింజను పలుచగా పరచాలి. ఈ కొలత పట్టాకు 50 కిలోల దాకా పడుతుంది. 25 కిలోలతో వేడి త్వరగా ఎక్కుతుంది.
4. పైన అదే కొలత పారదర్శక పట్టా. నాలుగు అంచులూ కలిపి మడిచి రాళ్లు పెట్టాలి.
5. థర్మామీటరు మొనను గింజల మధ్య ఉంచాలి. 57 దాటిన క్షణం నుంచి లెక్క. పొద్దున పదకొండు నుంచి మధ్యాహ్నం రెండు దాకా ఉంచితే ఆ గంటకు ఢోకా ఉండదు.
6. పైపట్టా తీయకుండా నీడలోకి లాగి చల్లార్చాలి, చల్లారగానే డబ్బాలో మూయాలి.

మొదట గడ్డి వేయకుండా పరచినప్పుడు థర్మామీటరు 49 దగ్గర ఆగింది, నేల వేడిని లాగేసింది. గడ్డి వేశాక కూడా ఒక అంచు తెరుచుకుని గాలి దూరుతుంటే 54. అంచులన్నీ రాళ్లతో నొక్కాక 61. అందుకే థర్మామీటరు లేకుండా ఈ పని చేయొద్దని గట్టిగా చెబుతున్నాం. చేత్తో ముట్టుకుంటే 49కీ 61కీ తేడా తెలియదు, పురుగుకు మాత్రం బతుకు చావుల తేడా.

మూడో మెట్టు దగ్గర ఒక హెచ్చరిక: మీటరు 65 కన్నా ఎక్కువ చూపే పచ్చి గింజకు ఈ పని చేయకూడదు. తడి గింజ ఉడికిపోతుంది. ముందు ఎండబెట్టడం, తర్వాతే పట్టా.

ఇది పురుగును చంపుతుంది తప్ప మళ్లీ రాకుండా కాపాడదు. కాపలా మూత పనే. ఇళ్లలో కుండల్లో దాచుకునేవాళ్లకు ఆడవాళ్లు చెప్పిన పద్ధతే చెబుతున్నాం: కిలో గింజకు 5 మిల్లీలీటర్ల నూనె, ఆముదమైనా వేరుశనగ నూనె అయినా, ప్రతి గింజకూ అంటేలా రుద్దడం. గుడ్డుకు ఊపిరి ఆడదు. కొలత దాటితే మొలకకూ ఊపిరి ఆడదు, అందుకని చెంచా లెక్క తప్పనిసరి.

*లెక్క: 240 − 20 = 220 కిలోలు.*

దశ 5: ఆదివారం మొలక పరీక్ష

యువదళంలో పదమూడు నుంచి ఇరవై రెండేళ్ల వాళ్లు ఉన్నారు. పని నాలుగు భాగాలు: తూకం, పుస్తకం, మొలక, గది. నెలకోసారి మారుతుంది. మొదట సాయంత్రం ఏడింటికి గది దగ్గర కలిసేవాళ్లు, ఆడపిల్లలు రాలేకపోయారు. ఆదివారం మధ్యాహ్నం నాలుగింటికి, బడి వరండాలోకి మార్చాక వచ్చారు. ఇప్పుడు మొలక పుస్తకం దాదాపు వాళ్ల చేతుల్లోనే ఉంది. ఇంకో మార్పు: ఎండబెట్టే పని, పట్టా పని ఫిబ్రవరి, మార్చి నెలల్లో వస్తాయి, పది, ఇంటర్ పరీక్షలూ అప్పుడే. ఆ రెండు నెలలూ ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు, డిగ్రీ చదివేవాళ్లు మాత్రమే. చెరిగే పనిలో అందరికీ ముక్కుకు గుడ్డ. పట్టా పరిచాక ఎండలో ఎవరూ కూర్చోనక్కరలేదు, గంటకొకరు థర్మామీటరు చూసి వస్తే చాలు.

పరీక్ష మెట్లు:

1. డబ్బా పై నుంచి, మధ్య నుంచి, అడుగు నుంచి పిడికెడు చొప్పున తీసి కలపాలి.
2. కుప్పను నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు తీసేయాలి. మిగిలినదాన్ని మళ్లీ కలిపి మళ్లీ నాలుగు. రెండు మూడు గుప్పెళ్లు మిగిలేదాకా.
3. వరసగా వచ్చిన గింజలే 100 లెక్కపెట్టాలి. ఏరకూడదు.
4. దినపత్రిక కాగితాలు నాలుగు తడిపి, పిండి, పిడికిట్లో నొక్కితే నీరు కారనంత తడిలో పరచాలి.
5. పదేసి గింజలు పది వరసలు. చాప చుట్టినట్టు చుట్టి, ప్లాస్టిక్ కవరులో నిలబెట్టి, మూతి వదులుగా ఉంచాలి.
6. సజ్జకు 3వ, 7వ రోజు. జొన్న, కొర్ర, కందికి 4వ, 10వ రోజు. అలసందకు 5వ, 8వ రోజు లెక్క.

ఇందులో చెడిపోయినవి ఎక్కువే. పిల్లలు తెలియకుండానే నిగనిగలాడే గింజలు ఏరి పెట్టారు. ఒక డబ్బాకు 92 వచ్చింది, చేలో ఆ మొలక లేదు. మూడో మెట్టు అందుకే అంత గట్టిగా రాశాం. ఇంకోచోట పై గింజే తీశారు, అడుగు గింజ తడి తగిలి పోయింది. ఒక ఆదివారం చుట్టలన్నీ కుళ్లాయి, నీరు ఎక్కువై. డిసెంబరు చలిలో సజ్జ మొలక ఆలస్యమై తక్కువ లెక్క వచ్చింది. చుట్టలను వంటింటి గోడ పక్కకు మార్చాక, 25 నుంచి 30 డిగ్రీల మధ్య, లెక్క సరిపోయింది.

ఏది మొలక అన్నదే అసలు చిక్కు. ఇద్దరు పిల్లలు ఒకే చుట్టను లెక్కపెడితే 81 ఒకరిది, 70 ఇంకొకరిది. వేరు వచ్చి చిగురు రానివాటిని ఒకరు కలిపారు. ఇప్పుడు నియమం: వేరు, చిగురు రెండూ ఉండి, తెగకుండా, కుళ్లకుండా ఉంటేనే మొలక. ఉలవ, అలసందల్లో కొన్ని గింజలు పదో రోజుకీ రాయిలాగే ఉంటాయి, ఉబ్బవు. అవి చచ్చినవి కావు, పొట్టు గట్టిదై నీరు లోపలికి పోలేదు. వాటిని 'గట్టి గింజ' అని వేరే వరసలో రాయాలి. తేడా తెలియక మొదటి ఉలవ డబ్బాకు 58 అని రాసి పక్కన పెట్టారు, గట్టి గింజలు కలిపితే అది 79.

వంద గింజల పరీక్షకు ఉన్న హద్దును పిల్లలు అర్థం చేసుకున్న రోజు నుంచి పుస్తకం నమ్మదగ్గదైంది. నిజంగా 80 శాతం మొలిచే గింజను వందేసి చొప్పున పరీక్షిస్తూ పోతే 72 రావొచ్చు, 88 రావొచ్చు. నాలుగు వందలతో చేస్తే ఆ ఊగిసలాట సగానికి తగ్గి 76 నుంచి 84 మధ్యకు వస్తుంది. ప్రయోగశాలల్లో 400 గింజలు పెట్టేది అందుకే. మా నియమం: మామూలుగా 100, అంకె 65, 85 మధ్య వస్తే ఇంకో మూడు చుట్టలు. పట్టా పద్ధతికి ముందు 88, తర్వాత 86 వస్తే వేడి మొలకను తగ్గించిందని అనలేం అన్నది కూడా ఈ లెక్కతోనే తేలింది.

ధ్రువీకరించిన విత్తనానికి జొన్న, సజ్జ, కొర్ర, కంది, అలసందల్లో 75 శాతం మొలక ఉండాలి. మేమూ 75 పెట్టుకున్నాం. అంతకు తగ్గితే మోతాదు పెంచే లెక్క: ఎకరా మోతాదు × 75 ÷ వచ్చిన మొలక. కొర్రకు 60 వస్తే 2 × 75 ÷ 60 = రెండున్నర కిలోలు. 60 కన్నా కిందికి పోతే మోతాదు పెంచి ఇవ్వం. మొలిచినవి కూడా నీరసంగా ఉంటాయి, పైన మట్టి అట్ట కడితే చీల్చుకుని రావు.

ప్రతి డబ్బా ఫలితం రచ్చబండ గోడ మీద సుద్దతో రాస్తారు: పంట, రైతు నంబరు, మొలక, తేదీ. రైతులు పిల్లలను ఆపి అడగడం అక్కడి నుంచే మొదలైంది. ఇళ్లలోని గింజను పరీక్షించమని తెచ్చిస్తున్నారు. నిధిలో గింజ లేనివాళ్లకు కూడా ఉపయోగపడుతున్న భాగం ఇదే, ఖర్చు పాత పేపర్లు మాత్రమే. ఏ ఊళ్లోనైనా నిధి కట్టే ముందే ఈ ఒక్క పని మొదలుపెట్టొచ్చు.

*లెక్క: 41 శాతం వచ్చిన జొన్న 14 కిలోలు వంటకు. 220 − 14 = 206 కిలోలు.*

దశ 6: ఇవ్వడం, తిరిగి తీసుకోవడం

ఏరువాక పున్నమి నాడు పంచుదామని పెట్టుకుంటే తూకం దగ్గర గుమికూడారు, డబ్బాలన్నీ ఒకేసారి తెరుచుకున్నాయి. ఇప్పుడు మే చివరివారంలో, పొడి గాలి ఉన్న పగటిపూట, 2 కిలోలు, 4 కిలోల గుడ్డ సంచులు కట్టి, ఆ సంచులనే మళ్లీ డబ్బాల్లో పెడుతున్నాం. ఏరువాక రోజున చేతికివ్వడమే.

కిలో తీసుకుంటే కిలోన్నర ఇవ్వాలి. 168 కిలోలు ఇచ్చాం, రావాల్సింది 252. కొర్ర దాదాపు పూర్తిగా వచ్చింది. కంది పూత మీద బెట్ట తగిలి చాలామందికి పండలేదు. పండనివాళ్ల దగ్గర పట్టుబడితే బజారులో కొని తెచ్చి కడతారు, ఆ కలగలుపు నిధిలోకి వస్తుంది. అందుకే నియమం మారింది: పంట పోయినవాళ్లు ఏమీ కట్టనక్కరలేదు, మరుసటి ఏడాది తీసుకున్నంతే కడితే చాలు. బజారు గింజ మాత్రం తీసుకోం.

*లెక్క: 206 − 168 = 38. తిరిగి వచ్చింది 181. మొత్తం 219.*

దశ 7: కేళీలు (చేలో కలిసిన వేరే రకం మొక్కలు) ఏరడం

తిరిగి వచ్చిన కందిలో 22 కిలోలు తీసేయాల్సి వచ్చింది, రెండు మూడు రంగుల గింజ కలిసింది. కళ్లంలో కలిసిందే కాదు, చేలోనే తేనెటీగలు కలిపాయి. కందికి ధ్రువీకరణలో వేరే రకం కంది చేనుకు 100 మీటర్ల ఎడం అడుగుతారు, మన ఊళ్లో చేను వెడల్పే అంత ఉండదు. సజ్జకు 200 మీటర్లు. కొర్రది స్వపరాగ సంపర్కం, అంటే తన పుప్పొడితోనే గింజ కడుతుంది, 3 మీటర్లు చాలు. అందుకే కొర్ర ఎవరు తెచ్చినా శుభ్రంగా ఉంది, కంది పాడైంది.

చేసిన మార్పులు:

1. కంది విత్తనం ఒకే చెలకలో, పక్కపక్క చేల రైతులంతా ఒకే రకం వేసినచోట మాత్రమే తీయడం. అంచు సాళ్లు వదిలి నడుమ భాగమే.
2. సజ్జలో నిధికి ఒక్క రకమే.
3. యువదళం మూడుసార్లు చేలోకి వెళ్తుంది: పూతకు ముందు, పూతలో, కోతకు ముందు. ఎత్తు, పూత రంగు, కాయ రంగు వేరుగా ఉన్న కేళీలను వేళ్లతో సహా పీకాలి. పూత అయ్యాక పీకితే పుప్పొడి అప్పటికే చల్లి ఉంటుంది, కాబట్టి మొదటి రెండుసార్లే కీలకం.
4. వెర్రి తెగులు సోకి పూయని కంది మొక్కలు, వెర్రి కంకి పట్టిన సజ్జ కనిపిస్తే అక్కడే పీకి పాతిపెట్టడం.
5. కంది, సజ్జల్లో బాగున్న అయిదారు మొక్కల గింజే తీయకూడదు. కనీసం వంద మొక్కల నుంచి తీయాలి, లేదంటే రకం బలం కుదించుకుపోతుంది.

*లెక్క: 219 − 22 = 197 కిలోలు. లక్ష్యానికి ఇంకా 93 తక్కువ, అందులో ఎక్కువ భాగం కంది, అలసంద.*

దశ 8: గింజల బండి

జహీరాబాద్ వైపు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు సంక్రాంతి నుంచి నెలరోజుల పాటు ఎడ్లబండ్ల మీద గింజల కుండలతో ఊరూరా పాత పంటల జాతర నడుపుతాయి. ఆ పద్ధతి చూసి చుట్టుపక్కల మూడు ఊళ్లకు ఒక బండి కట్టాం. నేర్చుకున్నది ఒకటే: బండి మీది గింజను మళ్లీ నిధిలో పోయకూడదు. వంద చేతులు తగిలిన, మంచుకు తడిసిన, ఒకదాంట్లో ఒకటి పడిన గింజ అది. చూపించడానికి పంటకు పావు కిలో వేరుగా పెట్టుకోవాలి. కుండ పక్కన మొలక చుట్ట విప్పి పెడితే జనం గింజకన్నా దాన్నే ఎక్కువసేపు చూశారు. ముగ్గురు రైతులు అనప (చిక్కుడు జాతి పంట) గింజ తెచ్చి ఇస్తామన్నారు.

తర్వాతి పని

1. పాత నిల్వ 38 కిలోలను 400 గింజలతో మళ్లీ పరీక్షించాలి. 60 కన్నా తగ్గినది వంటకు.
2. తిరిగి వచ్చిన కంది, అలసందలను మార్చి ముగిసేలోగా పట్టాలో వేయాలి.
3. ప్రతి డబ్బా మీటరు కొలతను ఏప్రిల్‌లో ఒకసారి, జూన్ మొదట్లో ఒకసారి పుస్తకంలో రాయాలి. 60 దాటిన డబ్బాను విప్పి ఎండబెట్టాలి.
4. అనపకు మోతాదు, మొలక లెక్క రోజులు తేల్చి జాబితాలో ఏడో పంటగా చేర్చాలి.